అద్దానికి అంటించిన వాగ్దాన కార్డు: యిర్మీయా 29:11, ఒక అప్పుల ఇల్లు (కేస్ స్టడీ)

ఇది సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు పనికొస్తుందని రాస్తున్న కేసు. ఒక్క ఇంటి కథగా రాసినా, అప్పుల విషయంలో ఒకే దారిన నడిచిన మూడు నాలుగు ఇళ్ళ వివరాలు ఇందులో కలిపాను. ఎవరినీ గుర్తుపట్టకూడదని అంకెలు సర్దాను. లెక్క తీరు మాత్రం ఆ ఇళ్ళలో ఉన్నదే.

ఇంటాయన ఆటో నడుపుతారు. గ్యాసు, రిపేర్లు పోగా నెలకు 15,000 మిగులుతుంది. ఆమె ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడతారు, 6,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు, రెండు గదుల సొంత ఇల్లు. డిసెంబరు 31 రాత్రి కూడికలో ఆయన పళ్ళెంలోంచి తీసుకున్న వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా సంఘం ఇచ్చే బైబిలు వచనం) మీద యిర్మీయా 29:11 ఉంది: "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు, ఇదే యెహోవా వాక్కు." దాన్ని బీరువా అద్దానికి అంటించారు. ఈ సంవత్సరం అప్పులన్నీ తీరిపోతాయని దేవుడు మాటిచ్చాడని ఆయన నమ్మారు. ఆ నమ్మకంతోనే జనవరిలో మందిర నిర్మాణానికి 25,000 కృతజ్ఞత కానుక ఇస్తానని మొక్కుకున్నారు. అందులో మొదటి 10,000 ఫిబ్రవరిలో ఇచ్చేశారు. ఆ 10,000 డైలీ ఫైనాన్సు నుంచి తెచ్చారన్న సంగతి ఎవరికీ తెలియదు.

జూన్ చివరి వారంలో స్త్రీల కూడిక అయ్యాక ఆమె ఆగి పాస్టరమ్మ గారితో మాట్లాడారు. ఆయన ఏప్రిల్ నుంచి మందిరానికి రావడం లేదు. ఆమె అడిగింది ఒకే ప్రశ్న: "వాగ్దానం నెరవేరలేదంటే మా ఇంట్లో ఏదో పాపం ఉన్నట్టేనా అమ్మా?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. "లేదమ్మా, విశ్వాసం ఉంచండి" అంటే ఆమె ఇంకో డిసెంబరు దాకా ఎదురుచూస్తుంది. "అవును, పరీక్షించుకోండి" అంటే ఆ కుటుంబం లేని తప్పు వెతుక్కుంటుంది. వెంటనే తెలుసుకోవలసింది వేరే ఉంది: ఆమె భర్త ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నారా? అప్పుల ఇంట్లో ఈ ప్రశ్న సూటిగా అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. అవునంటే ఆ రాత్రి ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుల మందు ఉంటే తీయించాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ ఫోన్ టెలీ మానస్ నంబరు 14416కు ఆయన చేతే ఫోన్ చేయించి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాలి. ప్రార్థన వీటితో పాటే జరగాలి, వీటికి బదులుగా కాదు. ఈ కేసులో ఆయన నిద్ర పట్టడం లేదన్నారు, చావు ఆలోచన లేదన్నారు. అయినా మొదటి రెండు వారాలు ఒక సంఘ పెద్ద రోజూ ఆటో స్టాండు దగ్గర ఆయన్ని కలిసి టీ తాగి వచ్చేవారు.

వచనాన్ని మళ్ళీ ఉత్తరంలో పెట్టడం

మొదటి సారి కూర్చున్నప్పుడు లెక్కలు ముట్టుకోలేదు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి యిర్మీయా 28, 29 అధ్యాయాలు మొత్తం గట్టిగా చదివించాలి. రెండూ కలిపి 49 వచనాలు, పది పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి. కాపరి చదవకూడదు, ఆయనే చదవాలి. తన నోటితో చదివిన మాట మీద మనిషికి ప్రశ్నలు పుడతాయి.

29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెకొన్యా రాజును, అధిపతులను, శిల్పకారులను, కంసాలులను బబులోనుకు చెరపట్టుకుపోయాక యెరూషలేము నుంచి యిర్మీయా వాళ్ళకు రాసి పంపినది. 11వ వచనం దాని నడుమ ఉంది. దానికి పై వచనం, అంటే 10వది, బబులోనుకు డెబ్బై సంవత్సరాలు నిండాకే మిమ్మల్ని దర్శిస్తానని చెబుతుంది. బబులోను కూలింది క్రీ.పూ. 539లో. చెరకు వెళ్ళేనాటికి ముప్ఫై ఏళ్ళున్నవాడికి అప్పటికి ఎనభై ఎనిమిది. ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి యెరూషలేము చూడలేదు. ఆ వచనం వాళ్ళకు చెప్పినదే, వాళ్ళ విషయంలో నిజమైనదే.

28వ అధ్యాయం ఎందుకు చదవాలంటే అందులో హనన్యా ఉన్నాడు. గిబియోనుకు చెందిన ప్రవక్త. మందిరంలో జనమంతా చూస్తుండగా, రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, మందిర ఉపకరణాలు తిరిగొస్తాయి, రాజు తిరిగొస్తాడు అని యెహోవా పేరు మీదనే ప్రకటించాడు. యిర్మీయా వెంటనే కొట్టిపారేయలేదు. అలాగే జరుగును గాక అన్నాడు (28:6). ఆ ఓర్పు మనకూ కావాలి. అప్పులు తీరిపోవాలని కోరుకునే మనిషిని చిన్నబుచ్చకూడదు, మన కోరికా అదే. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని హనన్యా తీసి విరగ్గొట్టాడు. తర్వాత వచ్చిన దేవుని మాట: కొయ్య కాడి విరిచావు, దానికి బదులు ఇనుప కాడి వస్తుంది. ఈ మాట దగ్గర ఆయన చదవడం ఆపేశారు. ఫిబ్రవరిలో తెచ్చిన డైలీ ఫైనాన్సు గుర్తొచ్చిందన్నారు. అప్పు తీరుతుందన్న ధైర్యంతో తెచ్చిన అప్పు మిగతా అన్నిటికంటే బరువైంది.

తెలుగు చదువరికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన వాడుకలో "మిమ్మల్ని" అంటే గౌరవంగా ఒక్కరినీ అనొచ్చు, పదిమందినీ అనొచ్చు. కార్డు మీద "మిమ్మును గూర్చి" అని చూడగానే దేవుడు తనతో మర్యాదగా మాట్లాడుతున్నాడని చదివే వ్యక్తికి తోస్తుంది. మన గ్రాంథిక అనువాదంలో దేవుడు ఒక్క మనిషితో మాట్లాడితే "నీవు" అనే అంటాడు. యెహోషువతో, మోషేతో, యిర్మీయాతోనే చూడండి. కాబట్టి దేవుని నోట "మీరు" వస్తే అక్కడ గుంపు ఉన్నట్టు. ఈ ఒక్క గుర్తు చెప్పి, ఇంట్లో ఉన్న పాత వాగ్దాన కార్డులన్నీ తీయించి ఏది "నీవు", ఏది "మీరు" అని వేరు చేయించడం మంచి పని. పిల్లలు కూడా చేస్తారు.

రెండో చిక్కు అనువాదంలో ఉంది. 7వ వచనం చెరపట్టుకుపోయిన పట్టణపు క్షేమము కోరమంటుంది, దాని క్షేమమే మీ క్షేమము అంటుంది. అక్కడ మూడుసార్లు ఉన్న హెబ్రీ మాట షాలోమ్. 11లో "సమాధానకరమైన ఉద్దేశములు" అన్నచోట ఉన్నదీ అదే షాలోమ్. తెలుగులో ఒకచోట క్షేమము, ఒకచోట సమాధానము అయ్యేసరికి ఆ రెంటికీ ముడి తెగిపోయింది. ఆ ముడి వేసి చదివితే 11లోని క్షేమం ఏమిటో 5 నుంచి 7 వచనాలే చెబుతాయి: ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, ఉన్న ఊరి కోసం ప్రార్థించండి. పరాయి దేశంలో చేసే రోజువారీ పనులు ఇవి. దేవుని ఉద్దేశం చెర ముగిసే రోజున మొదలవుతుందని ఆ ఉత్తరం అనుకోనివ్వదు.

అదే అధ్యాయం చివర నెహెలామీయుడైన షెమయా బబులోను నుంచి తిరుగు ఉత్తరం రాశాడు. చెర చాలా కాలం ఉంటుందని, ఇండ్లు కట్టుకోమని చెప్పిన యిర్మీయాను బొండలో వేయించలేదేమని యాజకుణ్ణి నిలదీశాడు. దీర్ఘకాలం పడుతుందని చెప్పే కాపరికి ఇలాంటి మాటలు తప్పవు. ఆ ఇంటికి వచ్చే ప్రార్థన బృందం ఒకటి, ఇది అవిశ్వాసపు సలహా అని ఆమెతో అన్నది కూడా.

లెక్క

రెండో సారి కూర్చున్నప్పుడు ఒక తెల్ల కాగితం, పిల్లల నోటు పుస్తకంలోదే చాలు. ఎలీషా ప్రవక్త అప్పుల్లో ఉన్న విధవరాలిని అడిగింది (2 రాజులు 4:2) "నీ ఇంట్లో ఏముంది?" అని. అప్పెంత అని ఆయన అడగలేదు. మొదట ఉన్నది రాయించాలి, తర్వాత బాకీలు. ఈ వరుస తిప్పితే మనిషి కాగితం ముందు కుప్పకూలతాడు.

ఉన్నది: ఆటో, కుట్టు మిషను, ఇల్లు, ఆమె పుట్టింటి బంగారం నాలుగు కాసులు. బాకీలు: ప్రామిసరీ నోటు మీద 2,00,000, నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు 6,000. డైలీ ఫైనాన్సు రెండో విడత, చేతికి 18,000 ఇచ్చి రోజుకు 200 చొప్పున వంద రోజులు, ఇంకా 60 రోజులు ఉంది, అంటే 12,000. డ్వాక్రా గ్రూపు లోను 60,000, నెలకు 2,500. సూక్ష్మరుణం 38,000, నెలకు 2,600. ఇరవై నెలల లక్ష రూపాయల చీటీ ముందే పాడుకున్నారు, ఇంకా 8 నెలలు 5,000 చొప్పున 40,000 కట్టాలి. మొత్తం 3,50,000.

నెల మొత్తం కలపమంటే ఆమె కలిపారు: 22,100. రాబడి 21,000. తిండికి పైసా తీయకముందే 1,100 తక్కువ. తిండిగింజలు ఆమె పుట్టింటి నుంచి వస్తున్నాయి, మిగతా లోటు ప్రతి నెలా కొత్త అప్పుతో పూడుస్తున్నారు. ఆమె భయపడిన పాపం ఏమిటని అడిగితే ఈ లెక్క చూపించవచ్చు. ఏ ఇల్లూ దీని మీద నిలబడదు. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన ఆదేశాల్లో సూక్ష్మరుణాలకు ఒక గీత ఉంది: ఇంటి మొత్తం వాయిదాలు నెల రాబడిలో సగం దాటకూడదు. నోటు అప్పు, చీటీ, డైలీ ఏ రికార్డులోనూ కనిపించవు కాబట్టి అప్పిచ్చేవాళ్ళకు ఆ ఇల్లు బాగానే కనిపిస్తుంది. సూక్ష్మరుణం వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదని కూడా ఆ ఆదేశాలే చెబుతాయి. ఇది ఆ ఇంటివాళ్ళకు తెలియజేయాలి.

డైలీ ఫైనాన్సు వడ్డీ చాలామంది పట్టించుకోరు, "వంద రోజులకు రెండు వేలే కదా" అంటారు. రోజూ కడుతూ పోతారు కాబట్టి వంద రోజుల్లో సగటున చేతిలో ఉండేది తొమ్మిది వేల చిల్లరే. దాని మీద వంద రోజులకు 2,000 అంటే నెలకు నూటికి ఆరున్నర రూపాయలు దాటింది. మూడు రూపాయల నోటుకు రెట్టింపు పైనే. అందుకే మొదట మూయవలసింది అదే.

బంగారం విషయంలో ఆమెను ఒత్తిడి చేయకూడదు. అది ఆమెది. ఆమే ఆ మాట ఎత్తేదాకా ఆగాలి, లేదంటే వేరే దారి చూడాలి. ఈ కేసులో ఆమే అన్నారు. బ్యాంకులో తాకట్టు పెడితే వడ్డీ నూటికి ముప్పావలా చొప్పున పడింది. 1,12,000 తీసుకున్నారు. అందులో 12,000తో డైలీ మూసేశారు, 1,00,000 నోటు అసలులో కట్టారు.

నోటు అప్పు ఇచ్చినాయన అదే సంఘంలో విశ్వాసి. నెహెమ్యా 5వ అధ్యాయం సరిగ్గా ఇలాంటి చోటే నిలుస్తుంది: యెరూషలేము గోడ కడుతున్న సంఘంలోనే సహోదరుడు సహోదరుడి పొలం తాకట్టు పెట్టుకున్నాడు. 11వ వచనంలో తిరిగి ఇచ్చేయమన్న నూరవ భాగం నెల వడ్డీయేనని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. మన లెక్కలో నూటికి రూపాయి. ఆ రూపాయికే నెహెమ్యా కోపపడ్డాడు. ఈ వాక్యం ప్రసంగ పీఠం మీంచి ఆయన్ని ఉద్దేశించి చెప్పడం తప్పు. అప్పున్న ఇల్లు ఏదో ఊరందరికీ తెలిసిపోతుంది, ఇచ్చినాయన మొండికేస్తాడు. ఇంటికెళ్ళి, తలుపు వేసుకుని, ఆ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవాలి. సగం అసలు చేతికొచ్చేసరికి ఆయన మిగతా లక్షకు రెండు రూపాయల వడ్డీకి ఒప్పుకున్నారు. రూపాయికి ఒప్పుకుంటారని ఆశించాం, కాలేదు.

కాగితం పని మర్చిపోకూడదు. అసలులో కొంత కడితే పాత నోటు వెనక తేదీతో చెల్లు రాయించాలి. అంతకంటే మంచిది, లక్షకు కొత్త నోటు రాసి పాతది వెనక్కి తీసుకోవడం. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవీ అడిగి తీసుకోవాలి. ఇక నుంచి వడ్డీ చేతికివ్వకుండా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపితే రుజువు దానంతటదే ఉంటుంది. తగాదా వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది, ఫోన్ నంబరు 15100.

ఇదంతా అయ్యాక మళ్ళీ కూడిస్తే మొత్తం బాకీ అదే 3,50,000. ఒక్క రూపాయీ తగ్గలేదు. నెలకు కట్టేది మాత్రం 12,940కి దిగింది, ఇంటికి 8,060 మిగిలింది. చీటీ ఫిబ్రవరితో అయిపోతే ఆ 5,000 నోటు అసలులోకి వెళ్తుంది. అన్నీ కుదిరితే మొత్తం తీరడానికి మూడేళ్ళు. ఆయనకు ఈ మాట చెప్పినప్పుడు ముఖం వాడిపోయింది, అది సహజం. హనన్యా చెప్పిన రెండేళ్ళు ఎవరికైనా తియ్యగానే ఉంటాయి.

మొక్కుబడి సంగతి

సంఘంలో అసలు చర్చ ఇక్కడే జరిగింది. మిగిలిన 15,000 మొక్కుబడి ఏం చేయాలి? ఇచ్చిన 10,000 ఏం చేయాలి? పెద్దల్లో ఒకరు ప్రసంగి 5:4, 5 తీశారు: మొక్కుకున్నది చెల్లించు, మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలు. వాక్యం సరైనదే, దాన్ని పక్కకు తోయకూడదు. అయితే మొక్కుబడుల ధర్మశాస్త్రమే ఇంకో మాట కూడా చెబుతుంది. లేవీయకాండము 27వ అధ్యాయం మొక్కుబడికి వెలలు నిర్ణయిస్తుంది, 8వ వచనంలో మొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేని బీదవాడైతే యాజకుని ముందు నిలబెట్టాలని, యాజకుడు వాడి కలిమి కొద్దీ వెల నిర్ణయించాలని ఉంది. అంటే మొక్కుబడి తగ్గించే బాధ్యత బీదవాడి మీద వేయలేదు, యాజకుడి మీద వేసింది. ఆ ఇంటి నుంచి "నేను ఇవ్వలేను" అనే మాట రావాలని ఎదురుచూడకుండా, సంఘమే ముందుగా పిలిచి "ఇకపై ఇంత చాలు" అని చెప్పాలి. పెద్దలు 15,000 రద్దు చేసి, నెలకు యాభై రూపాయలు చాలన్నారు.

10,000 తిరిగి ఇవ్వడం మీద ఇంకా గట్టి వాదన జరిగింది. దేవునికి ఇచ్చినది వెనక్కి తీసుకోవచ్చా అన్నారు. మార్కు 7:11లో యేసు ప్రభువు కొర్బాను గురించి అన్నది ఇక్కడ పనికొచ్చింది: దేవునికి అర్పితమన్న పేరుతో తల్లిదండ్రులకు చెందాల్సింది ఆపితే దేవుని వాక్యాన్ని వ్యర్థం చేసినట్టే. ఆ డబ్బు ఆయనది కానే కాదు, రోజువారీ వాయిదాలతో తీర్చాల్సిన అప్పు. చివరికి మందిర నిర్మాణ నిధి నుంచి 10,000 పిల్లల స్కూలు ఫీజుకు నేరుగా కట్టారు. ముగ్గురు పెద్దలు సంతకాలు పెట్టారు, లెక్కల పుస్తకంలో "విద్యా సహాయం" అని రాశారు, పేరు రాయలేదు. ఎవరి పేరూ లేకుండా రాయడం వల్ల వచ్చే ఏడాది ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది, అందుకే పేరున్న రశీదు విడిగా కవరులో పెట్టి కోశాధికారి దగ్గర ఉంచాలి.

ఎక్కడ దారి తప్పుతుంది

కాపరి ఆ కుటుంబం డబ్బు తన చేతిలో పెట్టుకోకూడదు, ఒక్కరోజుకైనా. సంఘ పెద్దలు జామీను సంతకం చేయకూడదు. సామెతలు 6వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు అందుకే ఉన్నాయి, సంతకం పెట్టినవాడు ఆ ఇంటికి ఇక సహోదరుడిగా మిగలడు. అప్పు సంగతి ప్రార్థన మనవిగా కూడికలో చదవకూడదు. "ఒక కుటుంబం ఆర్థిక ఇబ్బంది కోసం" అన్నా చిన్న సంఘంలో అందరికీ తెలిసిపోతుంది. సగంలో ఉండగా సాక్ష్యం చెప్పించకూడదు. సాక్ష్యం చెప్పాక మళ్ళీ కష్టం వస్తే ఆ మనిషి మొదటి కంటే దూరంగా పోతాడు.

బంగారం తాకట్టులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని ముందే చెప్పాలి. సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది. గడువులోపు వడ్డీ కట్టి తిరగరాయించకపోతే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం. ఆ తేదీని వాళ్ళింటి క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాయించాం. అద్దం మీది కార్డు తీసేయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. దాని కింద ఆమె చిన్న కాగితం మీద 5, 6, 7 వచనాలు రాసి అంటించారు.

మళ్ళీ డిసెంబరు వచ్చేసరికి సంఘం వాగ్దాన కార్డులు మానేయలేదు. మానేస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, నిజానికి ఏడాదంతా ఒక వచనం కళ్ళ ముందు ఉండటం మంచిదే. మార్చింది రెండే: కార్డు వెనక ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం చదవమని రిఫరెన్సు వేయించారు, పళ్ళెం తిప్పేముందు "మీరు", "నీవు" తేడా ఐదు నిమిషాలు చెప్పారు. ఆ రాత్రి ఆయన వచ్చారు. వెనక వరుసలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చున్నారు. పళ్ళెం తన దాకా వచ్చినప్పుడు కార్డు తీసుకోలేదు, పాతదే ఇంకా చదువుతున్నానని పక్కాయనతో అన్నారు. అప్పటికి చీటీ వాయిదాలు ఇంకా రెండు ఉన్నాయి.